దారి మార్చుకున్న విద్యార్థి: టోల్కీన్

మన ఇళ్లలో మనుమలు, మనుమరాళ్లు కళ్లార్పకుండా చూసిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చిత్రాలకు మూలకథ రాసినవారు జె.ఆర్.ఆర్. టోల్కీన్. వృత్తిరీత్యా ఆయన ఇంగ్లీషు ప్రొఫెసరు. అయితే విశ్వవిద్యాలయంలో చేరింది మాత్రం ఇంగ్లీషు చదవడానికి కాదు.

1892 జనవరి 3న నేటి దక్షిణాఫ్రికాలోని బ్లూంఫౌంటేన్‌లో జన్మించారు. నాలుగేళ్లప్పుడు తండ్రి, పన్నెండేళ్లప్పుడు తల్లి పోయారు. ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో ఫాదర్ ఫ్రాన్సిస్ మోర్గన్ అనే మతాచార్యులు సంరక్షకులై చదివించారు. 1911లో ఏడాదికి 60 పౌన్ల ఉపకారవేతనంపై గ్రీకు, లాటిన్ చదవడానికి ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కళాశాలలో చేరారు.

చేరాక మనసు పాఠాల మీద నిలవలేదు. స్నేహితులు, సంఘాలు, కబుర్లు. అవి చాలవన్నట్లు సిలబసులో లేని ఫిన్నిష్ భాష మీద మోజు. 1913లో జరిగిన తొలి పెద్ద పరీక్షలో రెండవ తరగతే వచ్చింది. ఉపకారవేతనం తీసుకునే విద్యార్థికి అది చిన్నతనమే. కాని తులనాత్మక భాషాశాస్త్రం పేపరులో మాత్రం అత్యుత్తమ మార్కు. ఆ పాఠం చెప్పిన జోసెఫ్ రైట్ సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేము. చిన్నతనంలో మిల్లులో కూలిపని చేసి, పదిహేనేళ్లు వచ్చాక అక్షరాలు దిద్దుకుని, ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసరయిన మహనీయుడాయన!

ఆ ఒక్క మార్కును గమనించి కళాశాల పెద్దలే ఇంగ్లీషు శాఖకు మారమని సలహా ఇచ్చారు. గ్రీకు, లాటిన్‌ల కోసం ఇచ్చిన వేతనాన్ని కూడా ఆపలేదు. ఆ ఔదార్యమే లేకపోతే కథ మరోలా ఉండేది.

ఇంగ్లీషువాడికి ఇంగ్లీషు చదవడం ఏమంత కష్టమనిపిస్తుంది. కాని అక్కడ చదవవలసింది వెయ్యేళ్లనాటి ఇంగ్లీషు. మనం రేనాటి చోళుల శాసనాలు చదవబోయినట్లే ఉంటుంది. కొత్త అధ్యాపకుడు కెన్నెత్ సిసాం తనకన్నా నాలుగైదేళ్లే పెద్ద. అయినా పాఠంలో గట్టివాడు. ఆధునిక సాహిత్యం మీద టోల్కీన్‌కు అంత మక్కువ లేదు. పాత భాష మాత్రం పట్టుకుంది. ఒక ప్రాచీన భక్తికావ్యంలో కనబడిన ‘ఎయారెండెల్’ అనే మాట మనసులో నాటుకుని, 1914 సెప్టెంబరులో ఒక పద్యం రాయించింది. ఆయన సృష్టించిన పురాణగాథలకు అదే బీజం.

అప్పటికే యుద్ధం మొదలయింది. ఈడువాళ్లందరూ సైన్యంలో చేరుతుంటే చదువుకుంటూ ఉండిపోవడం ఆ రోజుల్లో తలవంపు. బంధువులు ఎత్తిపొడిచారు. ఆయన కాలేజీలోనే సైనిక శిక్షణ పొందుతూ చదువు ముగించారు. 1915లో మొదటి తరగతి వచ్చింది. వెంటనే సైన్యంలో చేరి, 1916లో ఎడిత్‌ను వివాహమాడి, కొద్ది నెలల్లోనే సోం యుద్ధరంగానికి వెళ్లారు. ఆ ఏడే ప్రాణస్నేహితులిద్దరు యుద్ధంలో మరణించారు. జ్వరంతో ఈయన తిరిగివచ్చారు.

తరువాత నిఘంటువు కార్యాలయంలో పని, 1920 నుంచి లీడ్స్‌లో ఉద్యోగం. 1925లో ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసరు పదవికి పోటీపడితే ఎదుట నిలిచింది పాత గురువు సిసామే! ఓట్లు సమానం కాగా వైస్ ఛాన్సలర్ ఓటుతో శిష్యుడు గెలిచారు.

జీతం చాలక టోల్కీన్ వేసవిలో బడిపిల్లల పరీక్ష పేపర్లు దిద్దేవారు. ఖాళీగా వదిలేసిన ఒక పుట మీదే ‘హాబిట్’ తొలివాక్యం పుట్టింది. ఆ పుస్తకం 1937లో, ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ 1954-55లో వెలువడ్డాయి. 1959లో పదవీ విరమణ చేసిన టోల్కీన్ 1973 సెప్టెంబరు 2న, 81వ ఏట కన్నుమూశారు.