జ్వరానికి బడిని మందుగా రాసిన డాక్టర్



హైస్కూల్ సైన్సులో కణాల పాఠం చదివేటప్పుడు మీ పిల్లలకు రుడాల్ఫ్ విర్కో అనే పేరు తగులుతుంది. ఉన్న కణాల నుంచే కొత్త కణాలు పుడతాయని చెప్పిన జర్మన్ డాక్టర్. పరీక్షకు ఆ ఒక్క ముక్క చాలు. మీకు నేను చెప్పాలనుకుంటున్నది మాత్రం పుస్తకంలో లేని సంగతి.

విర్కో 1821లో పుట్టారు. 1848 ఫిబ్రవరిలో, 26 ఏళ్ల వయసులో, ప్రష్యా ప్రభుత్వం ఆయన్ని ఎగువ సైలీషియాకు పంపింది. రాజధాని బెర్లిన్‌కు దూరంగా, రాజ్యం అంచున ఉన్న ప్రాంతం అది. ఇప్పుడు ఎక్కువ భాగం పోలండ్‌లో ఉంది. అక్కడ టైఫస్ జ్వరంతో జనం పిట్టల్లా రాలిపోతున్నారు. ఇది మనకు తెలిసిన టైఫాయిడ్ కాదు. బట్టల మడతల్లో ఉండే చీరపేల వల్ల వ్యాపించే జబ్బు. అప్పటికి ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఆయన అక్కడ ఉన్నది మూడు వారాల లోపే. పంటలు పోయాయి. బంగాళాదుంపలే ఆధారంగా బతికే ఇళ్లలో అవీ లేవు. ఒక్క గది గుడిసెలో కుటుంబమంతా, కొన్నిచోట్ల పశువులతో సహా, చలికి ముడుచుకుని ఉండేవారు. పేలు పాకడానికి అంతకన్నా ఏం కావాలి? జనానిది పోలిష్ భాష, అధికారులది జర్మన్. సర్కారు సాయం ఆలస్యంగా చేరింది.

విర్కో తన నివేదికలో మందుల దగ్గర ఆగలేదు. రోడ్లు వేయమన్నారు, పన్నుల భారం పేదల మీద నుంచి తీయమన్నారు, జనానికి పాలనలో హక్కు ఇవ్వమన్నారు. అన్నిటికన్నా చదువు మీద గట్టిగా పట్టుబట్టారు, అదీ వాళ్ల సొంత భాషకు చోటిస్తూ. ఇంగ్లిష్ మీడియంలో పాఠాలు చెప్పే నేను ఈ మాట రాస్తుంటే మీరు నవ్వుకోవచ్చు!

మార్చిలో బెర్లిన్‌కు తిరిగొచ్చిన కొద్ది రోజులకే అక్కడ తిరుగుబాటు వచ్చింది. అందులో ఆయనా దిగారు. ఫలితంగా 1849లో ఆస్పత్రి ఉద్యోగం వదులుకుని వూర్త్స్‌బుర్గ్ వెళ్లాల్సి వచ్చింది. మన పాఠంలోని కణాల సంగతి ఆయన అక్కడున్నప్పుడు రాసిందే. 1856లో బెర్లిన్ మళ్లీ పిలిచింది. తర్వాత నగర కౌన్సిలర్‌గా దశాబ్దాల పాటు పనిచేశారు. వీధుల్లో పారే మురుగును భూగర్భ కాలువల్లోకి మళ్లించడానికి పట్టు వదలకుండా వాదించారు. 1870లలో ఆ పని మొదలైంది.

అన్నిట్లోనూ ఆయనే సరి అని కాదు. జబ్బులకు సూక్ష్మజీవులే మూలమన్న వాదాన్ని చాలాకాలం అనుమానంగానే చూశారు.

1902 జనవరిలో ట్రామ్ దిగుతూ పడి తొడ ఎముక విరిగింది. కోలుకోలేక సెప్టెంబరులో, 80 ఏళ్ల వయసులో కన్నుమూశారు. టైఫస్‌ను మోసుకొచ్చేది పేనేనని షార్ల్ నికోల్ తేల్చింది 1909లో.