రుడాల్ఫ్ డీజిల్

రుడాల్ఫ్ క్రిస్టియన్ కార్ల్ డీజిల్ (మార్చి 18, 1858 - సెప్టెంబర్ 29, 1913) జర్మనీకి చెందిన ప్రముఖ ఇంజనీరు, డీజిల్ ఇంజను సృష్టికర్త. నేడు లారీలు, బస్సులు, ట్రాక్టర్లు, జీపులు, రైళ్ళు, ఓడలు ఇతని పేరు గల ఇంజనుతో నడుస్తున్నాయి. ఇంధనానికి కూడా ఇతని పేరే స్థిరపడింది. రుడాల్ఫ్ తన ఇంజనును వేరుశనగ నూనె కోసమే రూపొందించాడన్న అభిప్రాయం ప్రచారంలో ఉన్నది కాని, అది పూర్తిగా సరి కాదు. అయితే మొక్కల నుండి వచ్చే నూనెలతో ఇంజన్లు నడపవచ్చునని గుర్తించి, దాని భవిష్యత్తును ముందుగా ఊహించిన వారిలో ఇతడు ఒకడు. ఈ కారణం చేత బయోడీజిల్ చరిత్రలో కూడా ఇతనికి స్థానం ఉన్నది.

బాల్యం, విద్యాభ్యాసం

రుడాల్ఫ్ ఫ్రాన్సు రాజధాని పారిస్‌లో జన్మించాడు. తల్లిదండ్రులు థియోడోర్, ఎలిజ్ డీజిల్ జర్మనీ నుండి వలస వచ్చినవారు. తండ్రి పుస్తకాలకు అట్టలు కట్టడం, తోలు వస్తువులు తయారుచేయడం వృత్తిగా జీవించేవాడు. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య యుద్ధం మొదలవడంతో జర్మన్ల కుటుంబాలు పారిస్ విడిచి వెళ్ళవలసి వచ్చింది. డీజిల్ కుటుంబం లండన్ చేరింది. అక్కడ జీవనం కష్టం కావడంతో 12 ఏళ్ళ రుడాల్ఫ్‌ను చదువు కోసం జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణంలో ఉన్న బంధువుల ఇంటికి పంపారు. ఆ ఇంటి యజమాని క్రిస్టోఫ్ బార్నికెల్ గణిత ఉపాధ్యాయుడు.

ఆగ్స్‌బర్గ్‌లో చదువు ముగించిన తరువాత 1875లో విద్యార్థి వేతనంతో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరాడు. అక్కడ శీతలీకరణ యంత్రాల నిపుణుడు కార్ల్ ఫాన్ లిండే ఇతని గురువు. ఆవిరి యంత్రం తాను తీసుకొన్న ఉష్ణశక్తిలో పదో వంతు వరకు మాత్రమే ఉపయోగకరమైన పనిగా మార్చగలదని, మిగిలినదంతా వృథా అవుతుందని లిండే ఉపన్యాసాల ద్వారా తెలుసుకొన్నాడు. ఈ వృథాను తగ్గించడమే రుడాల్ఫ్ జీవిత లక్ష్యం అయింది. 1879లో టైఫాయిడ్ జ్వరం వల్ల చివరి పరీక్ష వ్రాయలేకపోయాడు. 1880 జనవరిలో పరీక్ష వ్రాసి అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు.

ఉద్యోగం, వివాహం

చదువు పూర్తయ్యాక రుడాల్ఫ్ పారిస్‌కు తిరిగి వచ్చి లిండే సంస్థకు చెందిన మంచు తయారీ కర్మాగారంలో చేరాడు. మరుసటి సంవత్సరం దానికి నిర్వాహకుడయ్యాడు. 1883లో మార్తా ఫ్లాషేను వివాహమాడాడు. వీరికి ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. ఈ కాలంలో అమ్మోనియా ఆవిరితో నడిచే యంత్రం మీద ప్రయోగాలు చేస్తుండగా జరిగిన ప్రేలుడులో తీవ్రంగా గాయపడ్డాడు. 1890లో కుటుంబంతో బెర్లిన్‌కు మారాడు.

డీజిల్ ఇంజను ఆవిష్కరణ

గాలిని సిలిండరులో బాగా అదిమితే దాని ఉష్ణోగ్రత విపరీతంగా పెరుగుతుంది. ఆ వేడి గాలిలోకి ఇంధనాన్ని పంపితే నిప్పురవ్వ అవసరం లేకుండా దానంతట అదే మండుతుంది. రుడాల్ఫ్ ఇంజనుకు ఇదే మూల సూత్రం. దీనిపై 1892లో పేటెంటుకు దరఖాస్తు చేసాడు. 1893లో పేటెంటు లభించింది. అదే సంవత్సరం తన సిద్ధాంతాన్ని వివరిస్తూ పుస్తకం ప్రచురించాడు.

ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారం (తరువాతి కాలంలో మాన్ సంస్థ) అధిపతి హైన్రిక్ బుజ్ ప్రయోగాలకు చోటు ఇచ్చాడు. క్రుప్ సంస్థ కూడా పెట్టుబడి పెట్టింది. 1893 ఆగష్టు 10న మొదటి నమూనాలోకి ఇంధనం పంపగానే ప్రేలుడు జరిగి పీడనాన్ని కొలిచే పరికరం ముక్కలైంది. ఇంజను నడవలేదు కాని, ఇంధనం దానంతట అదే మండుతుందని రుజువైంది. 1894 ఫిబ్రవరి 17న మరొక నమూనా సుమారు ఒక నిముషం పాటు తన శక్తితో తాను తిరిగింది. మరి మూడేళ్ళ శ్రమ తరువాత, 1897 ఫిబ్రవరిలో ఆచార్య మోరిట్జ్ ష్రోటర్ జరిపిన అధికారిక పరీక్షలో ఇంజను సామర్థ్యం 26.2 శాతంగా తేలింది. ఇది ఆనాటి ఆవిరి యంత్రాల సామర్థ్యానికి రెండింతల పైమాటే.

పెద్ద పెద్ద ఆవిరి యంత్రాలు కొనగలిగిన కర్మాగారాల ముందు చేతివృత్తుల వారు, చిన్న కార్ఖానాల వారు నిలబడలేకపోతున్నారని రుడాల్ఫ్ భావించాడు. వారికి అందుబాటులో ఉండే చిన్న ఇంజను తయారుచేయాలన్నది ఇతని ఆశయాలలో ఒకటి. కాని ఆనాటి డీజిల్ ఇంజనులో ఇంధనాన్ని చిమ్మడానికి ప్రత్యేకంగా గాలిని అదిమే యంత్రం కావలసి వచ్చేది. అందువలన ఇంజను చాలా బరువుగా ఉండి ముందుగా కర్మాగారాలకు, విద్యుత్ కేంద్రాలకు, ఓడలకు మాత్రమే ఉపయోగపడింది. డీజిల్ లారీలు 1920లలో, మెర్సిడెస్ బెంజ్ వారి డీజిల్ కారు 1936లో వచ్చాయి. వాటిని చూడడానికి రుడాల్ఫ్ జీవించి లేడు.

వేరుశనగ నూనెతో ప్రయోగం

రుడాల్ఫ్ మొదట బొగ్గు పొడితో సహా అనేక ఇంధనాలను దృష్టిలో పెట్టుకొన్నాడు. 1897లో విజయవంతమైన ఇంజను కిరసనాయిలుతో నడిచింది. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపారు. దీనిని ప్రదర్శించినది ఫ్రాన్సుకు చెందిన ఒట్టో కంపెనీ. తన ఆఫ్రికా వలస దేశాలలో వేరుశనగ విరివిగా పండడం వల్ల, బయటి నుండి బొగ్గు, నూనె తెప్పించకుండా అక్కడే ఇంధనం సమకూర్చుకోవాలని ఫ్రెంచి ప్రభుత్వం ఆలోచించింది. ఖనిజ నూనె కోసం చేసిన ఇంజను ఎటువంటి మార్పు లేకుండా ఈ నూనెతో నడిచింది. అది ఏ నూనెతో నడుస్తున్నదో సందర్శకులలో చాలా కొద్దిమందికే తెలిసింది.

అనగా ఈ ఆలోచన రుడాల్ఫ్ సొంతం కాదు. ఈ సంగతిని తరువాత తన ఉపన్యాసాలలో ఇతడే తెలియజేసాడు. అయితే ఆ పరీక్షలను తాను కూడా తిరిగి చేయించి ఫలితాలను నిర్ధారించుకొన్నాడు. అప్పటికి మొక్కల నూనెల ప్రాధాన్యత స్వల్పమే అయినా, కాలక్రమంలో అవి పెట్రోలియంతో సమానమైన స్థానం పొందవచ్చునని 1912లో అభిప్రాయపడ్డాడు.

భారతదేశంలో పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2015 నుండి ఆగష్టు 10ని ప్రపంచ జీవ ఇంధన దినంగా జరుపుతున్నది. 1893లో ఆ రోజున రుడాల్ఫ్ వేరుశనగ నూనెతో ఇంజను నడిపాడని పలుచోట్ల వ్రాస్తుంటారు. నిజానికి ఆనాటి పరీక్షలో వాడినది పెట్రోలు. వేరుశనగ నూనె ప్రదర్శన జరిగినది ఏడేళ్ళ తరువాత.

చివరి రోజులు, మరణం

పేటెంటు హక్కుల అమ్మకంతో రుడాల్ఫ్ ధనవంతుడయ్యాడు. మ్యూనిక్‌లో పెద్ద భవనం కట్టించాడు. కాని పేటెంటు వివాదాలు, అధిక శ్రమ ఇతని ఆరోగ్యాన్ని దెబ్బతీసాయి. 1898లో కొంతకాలం చికిత్సాలయంలో ఉండవలసి వచ్చింది. భూముల వ్యాపారంలోను, ఇతర పెట్టుబడులలోను భారీగా నష్టపోయాడు. కార్మికులే యజమానులుగా ఉండే సహకార వ్యవస్థను ప్రతిపాదిస్తూ 1903లో వ్రాసిన గ్రంథానికి ఆదరణ లభించలేదు.

1913 సెప్టెంబర్ 29 సాయంత్రం బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కి ఇంగ్లాండుకు బయలుదేరాడు. రాత్రి భోజనం తరువాత, ఉదయం 6.15కు తనను లేపమని చెప్పి తన గదికి వెళ్ళాడు. ఉదయం గది ఖాళీగా ఉన్నది. పడకపై నిద్రించిన గుర్తులు లేవు. సుమారు పది రోజుల తరువాత ఒక డచ్చి పడవ సిబ్బందికి సముద్రంలో శవం కనిపించింది. వారు దుస్తులలోని వస్తువులను తీసుకొని శవాన్ని తిరిగి సముద్రంలోనే విడిచిపెట్టారు. ఆ వస్తువులు తన తండ్రివేనని కుమారుడు యూజెన్ గుర్తించాడు.

అప్పుల భారంతో ఆత్మహత్య చేసుకొన్నాడని ఎక్కువమంది జీవిత చరిత్రకారులు భావిస్తారు. జర్మన్ గూఢచారులో, చమురు వ్యాపారులో చంపించారన్న ఊహలు కూడా ఉన్నాయి కాని, వాటికి ఆధారాలు లభించలేదు.

మొక్కల నూనె నుండి బయోడీజిల్

మొక్కల నూనె డీజిల్ కంటే చాలా చిక్కగా ఉంటుంది. రుడాల్ఫ్ కాలం నాటి ఇంజన్లు దానిని తట్టుకొన్నా, సన్నని రంధ్రాల గుండా ఇంధనాన్ని చిమ్మే నేటి ఇంజన్లలో అది మసిగా పేరుకొని ఇంజనును పాడుచేస్తుంది. అందువలన నూనెను మిథనాలు, కాస్టిక్ సోడాలతో చర్య జరిపిస్తారు. అప్పుడు గ్లిజరిన్ అడుగుకు చేరుతుంది, పైన పలుచని బయోడీజిల్ మిగులుతుంది. 100 లీటర్ల నూనెకు సుమారు 20 లీటర్ల మిథనాలు అవసరం. ఇటువంటి ఇంధనానికి 1937లో బెల్జియం శాస్త్రవేత్త చవాన్ పేటెంటు పొందాడు.

ఈ చర్యకు పెద్ద కర్మాగారం అవసరం లేనందున, వాడిన వంట నూనెతో ఇంటివద్దనే బయోడీజిల్ చేసుకొని జీపులు, కార్లు నడిపేవారు అనేక దేశాలలో ఉన్నారు. అయితే మిథనాలు విషపూరితం, త్వరగా అంటుకొనే ద్రవం. కాస్టిక్ సోడా చర్మాన్ని, కళ్ళను కాలుస్తుంది. సరిగా శుద్ధి చేయని ఇంధనం ఇంజనుకు హాని చేస్తుంది. పాత వాహనాలలో బయోడీజిల్ ట్యాంకులోని మడ్డిని కదిలించి ఫిల్టరును మూసివేయవచ్చు, రబ్బరు గొట్టాలను కూడా దెబ్బతీయవచ్చు. భారతదేశంలో బయోడీజిల్ నాణ్యతకు ఐఎస్ 15607 అనే ప్రమాణం ఉన్నది.

తెలుగు నాట

విద్యుత్తు రాకముందు, వచ్చిన తరువాత కూడా చాలాకాలం పల్లెలలో బావుల నుండి నీరు తోడినవి, పిండి మరలు నడిపినవి ఆయిల్ ఇంజన్లే. చిన్నవారికి అందే ఇంజను కావాలన్న రుడాల్ఫ్ ఆశయం ఆ విధంగా తెలుగు పల్లెలలో కొంతవరకు నెరవేరింది.

వేరుశనగ తెలుగు ప్రాంతాలలో ముఖ్యమైన పంట అయినా, వంటకు వాడే నూనె కావడం వల్ల, డీజిల్ కంటే ఖరీదు కావడం వల్ల ఇంధనంగా పనికిరాలేదు. తినడానికి పనికిరాని కానుగ నూనెపై దృష్టి మళ్ళింది. సిద్దిపేటతో సహా తెలంగాణ మెట్ట ప్రాంతాలలో కానుగ చెట్లు సాధారణంగా కనిపిస్తాయి. దీని నూనెను పూర్వం దీపాలకు, చర్మ వ్యాధులకు, తోళ్ళ శుద్ధికి వాడేవారు. చెక్క (పిండి) పొలానికి ఎరువు. 1990ల చివరి నుండి అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని కొన్ని గిరిజన గ్రామాలలో కానుగ నూనెతో జనరేటర్లు నడిపి విద్యుద్దీపాలు వెలిగించారు. అదే జిల్లాలోని పవర్‌గూడ గ్రామంలో మహిళా సంఘాలు ఇక్రిశాట్ సహకారంతో కానుగ మొక్కలు పెంచి, నూనె గానుగ నడిపాయి. 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గింపునకు ప్రతిఫలంగా 2003లో ఈ గ్రామానికి ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది.

2000లలో దేశమంతటా ప్రోత్సహించిన అడవి ఆముదం (జట్రోఫా) తోటలు ఆశించిన దిగుబడి ఇవ్వలేదు. 2018 జాతీయ జీవ ఇంధన విధానం వాడిన వంట నూనె వంటి వ్యర్థాల వినియోగానికి కూడా ప్రాముఖ్యత ఇచ్చింది. 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యంగా పెట్టుకొన్నది. మొక్కల నూనె పెట్రోలియంతో సమాన స్థానం పొందగలదన్న రుడాల్ఫ్ ఊహ నూరేళ్ళు దాటినా ఇంకా నిజం కాలేదు.