నింగి కన్నా ముందు నేలను సిద్ధం చేసిన దార్శనికుడు విక్రమ్ సారాభాయ్

భారత్‌కు సొంత ఉపగ్రహం లేని రోజుల్లోనే, ఉపగ్రహాలతో మాట్లాడగల యాంటెనాలను నేలపై నిలిపిన శాస్త్రవేత్త డాక్టర్ విక్రమ్ సారాభాయ్. ఉపగ్రహం ఎంత గొప్పదైనా, దాని సంకేతాన్ని అందుకునే కేంద్రం భూమిపై లేకపోతే ప్రయోగం నిష్ఫలమే. ఈ సత్యమే ఆయన కృషికి పునాది.

1919 ఆగస్టు 12న అహ్మదాబాద్‌లోని పారిశ్రామిక కుటుంబంలో ఆయన జన్మించారు. కేంబ్రిడ్జ్‌లో విద్యాభ్యాసం చేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో స్వదేశానికి వచ్చి, బెంగళూరులో సి.వి.రామన్ మార్గదర్శకత్వంలో విశ్వకిరణాలపై పరిశోధించారు. 1947లో అహ్మదాబాద్‌లో భౌతిక పరిశోధనశాలను స్థాపించారు. ఆయన నాయకత్వంలోనే 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి తొలి రాకెట్ ఎగిరింది.

1967లో అహ్మదాబాద్‌లో దేశంలోనే తొలి ప్రయోగాత్మక ఉపగ్రహ సమాచార భూకేంద్రం ఏర్పడింది. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే రేడియో సంకేతం నేలను చేరేసరికి అత్యంత క్షీణిస్తుంది. విశాలమైన పళ్లెం వంటి యాంటెనా ఆ తరంగాలను ఒకే బిందువు వద్దకు చేరుస్తుంది. అక్కడి సున్నితమైన పరికరం వాటిని విస్తరింపజేస్తుంది. యాంటెనా గురి కొద్దిగా తప్పినా సంకేతం చేజారుతుంది. ఈ విద్యలో దేశ విదేశాల ఇంజినీర్లకు ఆ కేంద్రం శిక్షణనిచ్చింది. అనంతరం పుణె సమీపంలోని ఆర్వి భూకేంద్రం నిర్మాణంలోనూ ఆయన భారతీయ ఇంజినీర్ల సామర్థ్యంపైనే నమ్మకముంచారు.

పేద దేశానికి అంతరిక్షం ఎందుకన్న ప్రశ్నకు పల్లెలకు ప్రయోజనమే సమాధానమని ఆయన భావించారు. ఉపగ్రహం ద్వారా గ్రామాలకు విద్యా ప్రసారాలు అందించేందుకు 1969లో ఆయన సారథ్యంలోని అణుశక్తి విభాగం అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో ఒప్పందం చేసుకుంది. ఆ ఫలితాన్ని చూడకుండానే, 1971 డిసెంబరు 30న కోవళంలో 52వ ఏట కన్నుమూశారు.

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ఆ ప్రసారాలు అందాయి. అహ్మదాబాద్ కేంద్రం పంపిన కార్యక్రమాలను అమెరికా ఉపగ్రహం తిరిగి నేలకు ప్రసారం చేయగా, పల్లెల్లోని చిన్న యాంటెనాలు స్వీకరించాయి. తెలుగు పల్లెలు తమ భాషలోనే వాటిని విన్నాయి.

ఆ బాట నేడు బెంగళూరు సమీపంలోని బ్యాలాలు వరకు సాగింది. అక్కడి 32 మీటర్ల యాంటెనా 2008లో చంద్రయాన్-1 సంకేతాలను అందుకుంది. 2023 ఆగస్టు 23న చంద్రుడిపై దిగిన చంద్రయాన్-3 ల్యాండర్ పేరు విక్రమ్. సుమారు 3.84 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి ఆయన పేరిట వచ్చిన ఆ పిలుపును ఆలకించేందుకు, ఆయన కోరుకున్నట్లే, భారత నేల సిద్ధంగా ఉంది.