శ్రీమతి దుర్గాబాయి దేశముఖ్ గారి జీవితము

వయస్సు మీఱిన పిమ్మట ఆంగ్లాక్షరములు దిద్దుట నామోషీ యని తలంచువారు మన నల్లగొండ, మహబూబునగర ప్రాంతములలో నేటికిని కలరు. మందుసీసాపై చీటియు, బ్యాంకు కాగితమును వారికి చదివి చెప్పునది బడికి వచ్చు వారి బిడ్డలే. అట్టి తలిదండ్రులకును, ఆ బిడ్డలకును దుర్గాబాయిగారి చరిత్రము తెలియదగినదని యెంచి యిచట వ్రాయుచున్నాము.

ఈమె 1909 జూలై 15 వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. ఎనిమిదవ యేటనే వివాహమయ్యెను. పండ్రెండేండ్ల ప్రాయమున, ఆంగ్లమాధ్యమమును విధించుటకు సమ్మతింపక బడి మానివేసిరి. అంతటితో నూరకుండక బాలికలకు హిందీ పాఠశాల నెలకొల్పిరి. 1923 లో కాకినాడ కాంగ్రెసు సమయమున ఖద్దరు ప్రదర్శనము వాకిట నిలిచి, టిక్కెట్టు లేని నెహ్రూగారిని లోనికి పోనీయని కథ మన పిల్లలెఱిగినదే గాన విస్తరింపము.

1930 లో ఉప్పు సత్యాగ్రహమున దిగి చెఱసాల కేగిరి. అక్కడ చూచిన దృశ్యమే ఆమె జీవితమును మలుపు త్రిప్పినది. మధుర చెఱసాలలో హత్యానేరము మోపబడిన స్త్రీలతో కలసి యుండవలసి వచ్చెను. వారిలో పలువురు చదువు లేక, తమ పక్షమున వాదించుకొను మార్గ మెఱుగక శిక్ష ననుభవించుచుండిరి. వీరికి తోడుపడవలెనన్న న్యాయశాస్త్రము కావలెను. ఆ శాస్త్రమునకు ఆంగ్లము కావలెను. బాల్యమున త్రోసిపుచ్చిన ఆ చదువునే ఇరువది యేండ్లు దాటిన పిదప ఆమె మరల చేపట్టిరి. ఇందు వైరుధ్యమున్నదని కొందఱనవచ్చును, మాకట్లు తోపదు. నిర్బంధించిన నాడు వలదన్న దానిని, అక్కఱ తెలిసిన నాడు తానై కోరుకొనుట వివేకమే. కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను ప్రైవేటుగా వ్రాసి నెగ్గిరి. పిదప ఆంధ్ర విశ్వకళాపరిషత్తున రాజనీతి చదివి, 1942 లో మదరాసున న్యాయశాస్త్ర పట్టమును పొందిరి.

ఆ నడుమనే, 1937 లో, మదరాసున ఆంధ్ర మహిళాసభకు అంకురార్పణ జరిగెను. మొదట చిన్నబాలికలకు హిందీ నేర్పుటతో ఆరంభమైన ఆ పనికి క్రమముగా పెద్ద స్త్రీలును వచ్చి చేరిరి. తాను నడచిన కాశీ మెట్రిక్యులేషను దారినే వారికిని చూపిరి. ముప్పదియేండ్ల వితంతువును ఆఱేండ్ల పిల్లల సరసన కూర్చుండబెట్టి పదేండ్లు చదువుమన్న నెవరు చదువుదురు? అంగడి లెక్క, ఇంటి వ్యయము, లోకవ్యవహారము ఆమె కిదివఱకే తెలియును, తెలియనిది అక్షరమొక్కటే. బోధనవృత్తిలో నున్న మేమును దీనిని తఱచు మఱచుచుందుము.

1953 లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైరి. ఆ యేడే చింతామణి దేశముఖ్ గారిని పరిణయమాడిరి. ఆ మండలి 1958 లో వయోజన స్త్రీలకై సంక్షిప్త విద్యాక్రమమును దేశమంతట ప్రారంభించెను. బహువత్సరముల బడిచదువు సుమారు రెండేండ్లలో ముగియునట్లు అది యేర్పడెను. దానిని నడచి పలువురు ఉపాధ్యాయినులును, గ్రామసేవికలును, దాదులును అయిరి.

మన సీమకును ఈమె కృషి సోకినది. ఈమె స్థాపించిన సాంఘికాభివృద్ధి మండలి 1970 దశకమున మహబూబునగరము జిల్లా పల్లెలలో తల్లులకు చదువు చెప్పించెను. కొన్ని ఊళ్ల అక్షరాభ్యాసము మాత్రము, కొన్నింట తల్లీబిడ్డల పోషణకేంద్రము, మఱికొన్నింట రెండును కలిపి నడపి ఫలితములను సరిపోల్చిరి. దుర్గాబాయిగారు 1981 మే 9 వ తేదీన దివంగతులైరి. ఆ తరగతులలో పలకపట్టిన తల్లుల మనుమలు ఇపుడు మన బడుల యీడువారు.