ఫూలే గారు అడిగిన పంతులు

మహాత్మా జ్యోతిరావు ఫూలే గారి పేరు వినని వారు మన హాస్టళ్లలో ఉండరు. ఆయన చదువు మధ్యలో ఆగిపోయిందని మాత్రం కొందరికే తెలుసు.

ఆయన 1827లో తోటపని చేసే మాలి కుటుంబంలో పుట్టారు. పసితనంలోనే తల్లి పోయింది. చదివితే కొడుకు పొలానికి పనికిరాడన్న చెప్పుడు మాటలు విని తండ్రి గోవిందరావు బడి మాన్పించారు. ఇరుగుపొరుగు వారైన మున్షీ గఫార్ బేగ్, లిజిట్ దొర నచ్చజెప్పాక 1841లో పుణేలోని స్కాటిష్ మిషన్ ఇంగ్లీషు బడిలో చేరారు. ఆ ఇంగ్లీషుతోనే థామస్ పెయిన్ మానవ హక్కుల మీద రాసిన పుస్తకం చదివారు.

1848లో ఆడపిల్లలకు బడి పెట్టారు. భార్య సావిత్రీబాయికి చదువు చెప్పి టీచరును చేశారు. 1873లో మరాఠీలో రాసిన 'గులాంగిరి'కి ముందుమాట ఇంగ్లీషులో రాశారు.

1882లో హంటర్ కమిషన్‌కు ఆయన తన వాదన వినిపించారు. రైతులు కట్టే శిస్తు పై కులాల వారి పెద్ద చదువులకు పోతున్నదని, పల్లె బడికి శిక్షణ లేని పంతుళ్లే మిగిలారని చెప్పారు. శిక్షణ పొందిన పంతులుకు నెలకు 12 రూపాయలకు తక్కువ కాకుండా జీతం ఇవ్వాలని అడిగారు. 1890 నవంబరు 28న కన్నుమూశారు.

మిత్రులారా! పీజీలో చేరాక కాన్వెంటు పిల్లలు గడగడా మాట్లాడుతుంటే మేము వెనుక బెంచీలో తల దించుకున్నాము. మాకు తెలివి లేక కాదు, మా బడిలో ఇంగ్లీషు టీచరు లేక. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తప్పులు వచ్చినా మాట్లాడండి. టీచరు లేకపోతే అడగండి. ఫూలే గారు అడిగింది అదే.