యల్లాప్రగడ సుబ్బారావు: రక్త క్యాన్సర్ తొలి మందు వెనుక భీమవరం శాస్త్రవేత్త

1947 డిసెంబరు. అమెరికాలోని బోస్టన్ నగరంలో పిల్లల ఆసుపత్రి. రక్త క్యాన్సర్‌తో మృత్యుముఖంలో ఉన్న చిన్నారులకు సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఒక కొత్త మందును సూది ద్వారా ఇవ్వడం ప్రారంభించారు. తీవ్ర లుకేమియా ఉన్నదని నిర్ధారణ అయిన పిల్లలు ఆ రోజుల్లో కొద్ది వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో కన్నుమూసేవారు. రక్తం ఎక్కించి బాధను కొంత తగ్గించడం మినహా వైద్యుల చేతిలో చెప్పుకోదగ్గ సాధనమేదీ ఉండేది కాదు. అమినోప్టెరిన్ అనే ఈ మందు తీసుకున్నవారిలో కొందరి రక్తంలో క్యాన్సర్ కణాలు తగ్గుముఖం పట్టాయి. ఉబ్బిన ప్లీహం తగ్గింది. మంచం పట్టిన పిల్లలు లేచి తిరిగారు.

ఆ మందు తయారైనది న్యూయార్క్ నగరానికి సమీపంలోని పెర్ల్ రివర్ పట్టణంలో, లెడర్లే ప్రయోగశాలలో. అక్కడ పరిశోధనలకు అధిపతి యల్లాప్రగడ సుబ్బారావు. పాతికేళ్ల కిందట భారతదేశం విడిచి వెళ్లిన తెలుగు వైద్యుడు. రక్త క్యాన్సర్‌కు మందు కనుగొనాలని ఆయన బయలుదేరలేదు. ఆయన వెతికినది మరో వ్యాధికి మందు. ఆ వెతుకులాటకు కారణం సొంత ఇంట్లోనే ఉన్నది.

సుబ్బారావు 1895 జనవరి 12న నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి, అనారోగ్యంతో ముందుగానే ఉద్యోగం విడిచారు. ఏడుగురు సంతానం ఉన్న ఇంట్లో పేదరికం తప్పలేదు. బాల్యంలో సుబ్బారావుకు చదువు మీద ఆసక్తి తక్కువ. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇంటినుంచి పారిపోయిన పిల్లవాడాయన. దారిలోనే పట్టుకుని తీసుకువచ్చారు. రాజమహేంద్రవరంలోనూ, ఆపై మద్రాసులోనూ చదివి, మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. ఒక దశలో సన్యసించి రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నారు. తల్లి అనుమతించలేదు. వైద్యుడైతే సేవ చేయవచ్చునన్న ఆలోచనతో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో శేషగిరితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి అండగా నిలవడంతో చదువు సాగింది.

అది గాంధీజీ పిలుపు విద్యాలయాలకు చేరిన కాలం. సుబ్బారావు శస్త్రచికిత్స తరగతులకు ఖద్దరు దుస్తులతో హాజరయ్యారు. ఆంగ్లేయుడైన ఆచార్యుడికి అది రుచించలేదు. మిగిలిన విషయాల్లో ప్రతిభ కనబరచినా, సుబ్బారావుకు దక్కినది పూర్తి ఎంబీబీఎస్ పట్టా కాదు, దానికంటే తక్కువగా పరిగణించే ఎల్ఎంఎస్ మాత్రమే. ప్రభుత్వ వైద్య సేవలో ఉద్యోగం రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆధ్వర్యంలోని మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తూ, ఆయుర్వేద ఔషధాలను ఆధునిక పద్ధతిలో పరీక్షించాలని ఆయన భావించారు.

ఆ కుటుంబాన్ని కుదిపివేసినది స్ప్రూ అనే ఉష్ణమండల వ్యాధి, మన వైద్యంలో గ్రహణిగా చెప్పుకునే రుగ్మత. తిన్న ఆహారం ఒంటబట్టదు. విరేచనాలు ఆగవు. రక్తం పలచబడి మనిషి కృశించిపోతాడు. సుబ్బారావు సోదరులిద్దరు ఎనిమిది రోజుల వ్యవధిలో ఈ వ్యాధికి బలయ్యారు. తరువాత ఆయనకూ అదే వ్యాధి వచ్చింది. లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డారు. స్ప్రూకు శాస్త్రీయమైన మందు కావాలన్న తపన ఆయనలో పాతుకున్నది అప్పుడే.

మామగారి సాయంతోనూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోనూ 1922 అక్టోబరులో సుబ్బారావు బోస్టన్ చేరారు. అప్పటికి భార్య గర్భవతి. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదువుతూ, పొట్ట గడవడానికి రాత్రివేళల్లో ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేశారు. భారతదేశంలో పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. త్వరలో తిరిగి వస్తానన్న మాట ఏళ్ల తరబడి వాయిదా పడింది. సుబ్బారావు మళ్లీ స్వదేశం రాలేదు, శేషగిరి మళ్లీ భర్తను చూడలేదు. ఆయన కీర్తిని చెప్పేటప్పుడు ఈ మూల్యాన్ని దాటవేయడం న్యాయం కాదు. దాన్ని చెల్లించినది ఆయన ఒక్కరే కాదు.

హార్వర్డ్ జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన చేసిన తొలి గొప్ప పని చూడటానికి చిన్నది. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో రంగును బట్టి కొలిచే పద్ధతి అది. భాస్వరం మాలిబ్డేట్‌తో కలిసినప్పుడు, తగిన రసాయనం చేర్చితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. 1925లో ప్రచురితమైన ఈ ఫిస్క్-సుబ్బారావు పద్ధతిని జీవరసాయన విద్యార్థులు తరాల తరబడి నేర్చుకున్నారు. ఇదే పద్ధతిని కండర రసంపై ప్రయోగించినప్పుడు ఒక వింత కనిపించింది. నీలిరంగు ఒక్కసారిగా రావలసింది పోయి, నెమ్మదిగా చిక్కబడుతున్నది. అంటే ఏదో బలహీనమైన సమ్మేళనం కొద్దికొద్దిగా విడిపోతూ భాస్వరాన్ని వదులుతున్నదన్నమాట. అలా 1927లో ఫాస్ఫోక్రియేటిన్, 1929లో ఏటీపీ వెలుగులోకి వచ్చాయి. కండరం కదలడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందన్నది అప్పటి సిద్ధాంతం. ఆ దారిలో పరిశోధించిన హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి లభించింది. కొత్త పరిశోధనలు ఆ సిద్ధాంతాన్ని కదిలించాయి.

ఏటీపీని సుబ్బారావు ఒక్కరే కనుగొన్నారని మనవారు తరచూ రాస్తుంటారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది స్వతంత్రంగా దాన్ని కనుగొన్నారు. ఫాస్ఫోక్రియేటిన్‌ను ఇంగ్లండ్‌లో ఎగిల్టన్ దంపతులు దాదాపు అదే సమయంలో గుర్తించారు. ఈ వాస్తవం చెప్పినంత మాత్రాన సుబ్బారావు స్థాయి తగ్గదు. 1930లో ఆయన పీహెచ్‌డీ పొందారు. శాశ్వత అధ్యాపక పదవి మాత్రం హార్వర్డ్ ఇవ్వలేదు. 1940లో ఆయన లెడర్లేకు వెళ్లిపోయారు.

స్ప్రూ మీద ఎప్పటినుంచో ఉన్న ఆలోచనకు లెడర్లేలో అవకాశం దొరికింది. దానికి పూర్వరంగం కొంత భారతదేశంలోనే జరిగింది. ఇంగ్లండ్‌కు చెందిన లూసీ విల్స్ బొంబాయి గర్భిణుల్లో కనిపించే తీవ్ర రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతున్నదని 1931లో వెల్లడించారు. ఈస్ట్‌లో, కాలేయంలో ఉన్న ఆ గుణం ఏమిటో ఎవరికీ తెలియదు. 1941లో టెక్సస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి అణుమాత్రం ఆమ్లాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. అలా టన్నుల కొద్దీ ఆకులు కావాలంటే రోగులకు మందు అందేది ఎప్పుడు? సుబ్బారావు బృందం కాలేయం నుంచీ, సూక్ష్మజీవుల పులియబెట్టిన ద్రవం నుంచీ దాన్ని వేరుచేసి, నిర్మాణం ఛేదించి, ప్రయోగశాలలోనే తయారుచేసింది. 1945లో ఆ వార్తను ప్రకటించిన వ్యాసంలో పదహారు మంది పేర్లున్నాయి. సుబ్బారావు పేరు ఆ జాబితా నడుమ ఒకటి, అంతే. ఫోలిక్ ఆమ్లం స్ప్రూ రోగులకు పనిచేసింది. సోదరులను పోగొట్టుకున్న మనిషి వెతికిన మందు దొరికింది.

ఇక్కడే కథ ఊహించని మలుపు తిరిగింది. ఫోలిక్ ఆమ్లానికి సంబంధించిన పదార్థాలు ఎలుకల్లో కణితులను తగ్గించాయని న్యూయార్క్ పరిశోధకులు కొందరు నివేదించారు. ఆ ఆశతో ఫార్బర్ లెడర్లే నుంచి అటువంటి పదార్థాలను తెప్పించి లుకేమియా పిల్లలకు ఇచ్చారు. ఫలితం తలకిందులైంది. వ్యాధి తగ్గకపోగా, ఎముక మజ్జలో క్యాన్సర్ కణాలు మరింత వేగంగా పెరుగుతున్నట్టు కనిపించింది. చావుకు దగ్గరగా ఉన్న పిల్లలపై ప్రయోగాలు తగవని ఆసుపత్రిలో సహచరులు కొందరు అప్పటికే అసంతృప్తితో ఉన్నారు. వారి అభ్యంతరం అర్థరహితమని నేడు కూడా అనలేము.

అయితే ఫార్బర్ ఆ వైఫల్యాన్ని తిరగేసి చదివారు. ఫోలిక్ ఆమ్లం క్యాన్సర్ కణానికి ఆహారమైతే, ఫోలిక్ ఆమ్లంలా కనిపిస్తూ దాని పని చేయని నకలును ఇస్తే కణం ఆకలితో చావదా? అటువంటి నకళ్లు పెర్ల్ రివర్‌లో ఉన్నాయి. ఫోలిక్ ఆమ్లపు అణువులో ఒకచోట ఉన్న ఆక్సిజన్ భాగాన్ని తీసి అమినో భాగం పెట్టి డోరిస్ సీగర్, ఆమె సహచరులు తయారుచేసినదే అమినోప్టెరిన్. తాళానికి సరిపోయే ఆకారం గల చెవి, కానీ తిప్పితే తాళం తెరుచుకోదు, పైగా అందులోనే ఇరుక్కుపోతుంది. కణంలో ఫోలిక్ ఆమ్లాన్ని వాడుకోదగిన రూపంలోకి మార్చే ఎంజైమ్‌ను ఈ నకలు పట్టేసుకుంటుంది. దాంతో డీఎన్ఏ తయారీకి కావలసిన ముడిసరుకు ఆగిపోతుంది. డీఎన్ఏ లేనిదే కణం రెండుగా చీలదు. వేగంగా చీలే క్యాన్సర్ కణాలకు ఆ దెబ్బ ముందుగా తగులుతుంది. ఈ వివరణ అంతా తరువాతి కాలంలో తెలిసినది. మందు ఇచ్చిన నాటికి డీఎన్ఏ నిర్మాణమే ఎవరికీ తెలియదు.

1948 జూన్ 3న వైద్య పత్రికలో ఫార్బర్ బృందం వ్యాసం వెలువడింది. చికిత్స పొందిన 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగు కనిపించింది. మెరుగు శాశ్వతం కాదని ఆ వ్యాసమే చెప్పింది. కొన్ని వారాలకో నెలలకో వ్యాధి తిరగబెట్టేది. మందు నోరు పుండ్లు పడేలా చేసేది, ఆరోగ్యకరమైన కణాలనూ దెబ్బతీసేది. అయినా రసాయనంతో లుకేమియాను వెనక్కి నెట్టవచ్చునని చిన్నారుల విషయంలో తొలిసారి రుజువైంది. ఆ వ్యాస రచయితల్లో సుబ్బారావు పేరు లేదు. దానికి ఆయన నొచ్చుకున్న దాఖలా కూడా లేదు. తన బృందం పనికి తన పేరు ముందుంచుకోవడం ఆయన అలవాటు కాదు. ఆ అలవాటు వల్లనే కాబోలు, స్వదేశంలో ఆయన పేరు చాలాకాలం పాఠ్యపుస్తకాల అంచుల్లోనే మిగిలింది.

అదే కాలంలో లెడర్లే బృందం బోదకాలు వ్యాధికి డైఈథైల్ కార్బమజైన్ అనే మందును అందించింది. సుబ్బారావు పుట్టిన గోదావరి ప్రాంతం బోదకాలుకు పేరుపడిన నేల. నేడు ఆ వ్యాధి నిర్మూలన కార్యక్రమంలో ఇంటింటికీ పంచే బిళ్లల్లో అదొకటి. ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ కూడా ఆయన అధిపతిగా ఉన్న కాలంలోనే లెడర్లే నుంచి వచ్చింది. దాన్ని కనుగొన్నది మాత్రం వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్.

ఫార్బర్ వ్యాసం వచ్చిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో మరణించారు. వయసు 53 ఏళ్లు. అప్పటికీ ఆయన అమెరికా పౌరుడు కాలేదు. తరువాత ఒక శిలీంధ్రానికి ఆయన పేరుమీద సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలా శాఖ స్మారక బిళ్ల విడుదల చేసింది.

అమినోప్టెరిన్‌కు చిన్న మార్పు చేసి లెడర్లే తయారుచేసిన మెథోట్రెక్సేట్ వాడుకలో దాని స్థానాన్ని ఆక్రమించింది. గర్భసంబంధమైన కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను అది పూర్తిగా నయం చేయగలదని 1950లలో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో తేలింది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే లింఫోబ్లాస్టిక్ లుకేమియాకు నేడు ఇతర మందులతో కలిపి దీన్ని ఇస్తారు. వైద్య సదుపాయాలు బాగా ఉన్న దేశాల్లో ఆ పిల్లల్లో అత్యధికులు బతికి బయటపడుతున్నారు. తక్కువ మోతాదులో, వారానికి ఒకసారి, కీళ్లవాతం రోగులు కూడా ఇదే మందును వేసుకుంటారు. దాని దుష్ప్రభావాలు తగ్గడానికి వైద్యులు మరోరోజు వేసుకొమ్మని ఫోలిక్ ఆమ్లం బిళ్ల రాస్తారు. ఒకే చీటీ మీద ఒకదాని కింద ఒకటిగా కనిపించే ఆ రెండు మందులూ పెర్ల్ రివర్‌లోని ఒకే ప్రయోగశాలలో తయారైనవి.