వెతికి తెచ్చుకున్న ఆటగాడు: కర్నల్ సి.కె. నాయుడు

ఆటలో చెయ్యి తిరిగిన పిల్లవాడు ఒకడు ఊళ్లో ఉన్నాడంటే ఆ సంగతి ఎక్కువ రోజులు దాగదు. మన చోడవరం చుట్టుపక్కల చెరకు కొట్టేసిన మళ్లలో, బడి మైదానాల్లో సాయంత్రం పూట ఆడే పిల్లలను చూస్తే మీకే తెలుస్తుంది. వాడికోసం ముందు పక్క వీధి జట్టు వస్తుంది, తరువాత పక్క ఊరి జట్టు వస్తుంది. పెద్ద లోకంలో జరిగేదీ ఇదే. అమెరికాలోని బేస్‌బాల్ జట్లు డొమినికన్ రిపబ్లిక్ లాంటి చిన్న దేశాలకు మనుషులను పంపి, పదహారేళ్ల కుర్రాళ్లతో ఒప్పందాలు రాయించుకుంటాయి. మన దేశంలో 2024 నవంబరులో జరిగిన ఐ.పి.ఎల్. వేలంలో బీహారుకు చెందిన 13 ఏళ్ల బాలుణ్ణి ఒక జట్టు 1 కోటి 10 లక్షల రూపాయలకు తీసుకున్నది.

ఇలాంటి వార్త చదివినప్పుడు తల్లిదండ్రుల మనసులో రెండు ఆలోచనలు మెదులుతాయి. మన పిల్లవాడికోసం కూడా ఎవరైనా ఇలా వెతుక్కుంటూ వస్తే బాగుండునని ఒక ఆశ. వచ్చినవాళ్లు వాణ్ణి ఎలా చూసుకుంటారో, ఎంతకాలం చూసుకుంటారోనని ఒక బెంగ. ఆ రెండూ సహజమైనవే. అందుకే ఈ వారం మీకు ఒక తెలుగువాడి జీవితం చెప్పదలచాను. ఆయనను కూడా ఒక సంస్థానం వెతుక్కుంటూ వచ్చి తీసుకువెళ్లింది. ఆ తరువాత ఏం జరిగిందన్నదే మనం గమనించవలసిన విషయం.

కొట్టారి కనకయ్య నాయుడు గారు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో జన్మించారు. తెలుగు ప్రాంతం నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబం వారిది. బడిలో చదివే రోజుల నుంచే క్రికెట్‌లో పేరు తెచ్చుకున్నారు. 1916లో బొంబాయిలో జరిగిన పోటీల్లో తొలిసారి పెద్ద ఆటలోకి దిగారు. ఆ పోటీల తీరు ఈనాటి మనకు వింతగా తోస్తుంది. జట్లను మతాన్ని బట్టి విడదీసేవారు. యూరోపియన్లు ఒక జట్టు, పార్సీలు ఒక జట్టు, హిందువులు ఒక జట్టు, ముస్లిములు ఒక జట్టు. నాయుడు గారు హిందువుల జట్టు తరఫున యూరోపియన్ల మీద ఆడారు. వికెట్లు వరుసగా పడిపోతున్న వేళ చివరి వరుసలో బ్యాటు పట్టుకుని వచ్చిన ఆ యువకుడు తన పరుగుల లెక్కను సిక్సరుతోనే ప్రారంభించాడు.

ఆ రోజుల్లో క్రికెట్ ఎవరికీ కూడు పెట్టేది కాదు. జీతాలు లేవు, ఒప్పందాలు లేవు. ఆట ఎంత వచ్చినా, బతుకుతెరువు కోసం ఏదో ఒక ఉద్యోగం చూసుకోవలసిందే. ఆ లోటు తీర్చినవారు సంస్థానాధీశులు. మంచి ఆటగాడి సంగతి చెవిన పడితే పిలిపించేవారు, తమ కొలువులో ఒక పదవి ఇచ్చేవారు, దానితోపాటు ఆడుకునే తీరిక ఇచ్చేవారు. 1923లో ఇందోర్ పాలకుడైన హోల్కర్ మహారాజా నాయుడు గారిని అలాగే ఆహ్వానించి, తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. అప్పటికి నాయుడు గారికి ఇంకా 28 ఏళ్లు నిండలేదు. నాగపూర్ బ్రిటిషు పాలనలోని పట్టణం, ఇందోర్ రాజుల పాలనలోని సంస్థానం. పుట్టి పెరిగిన ఊరు విడిచి, ఆయన ఆ కొలువులో చేరారు. తరువాతి కాలంలో లోకమంతా ఆయనను కర్నల్ నాయుడు అని పిలవడానికి మూలం అదే.

ఇక్కడ కొంచెం ఆలోచించండి. రాజుగారు పిలిచి పదవి ఇచ్చినప్పుడు మనిషికి ఒక వెల కట్టినట్టే. వెల కట్టించుకున్నవాడు కొలువులో ఒక అలంకారంగా మిగిలిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. నాయుడు గారు అలా మిగిలిపోలేదు.

1926లో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వాన ఇంగ్లండు నుంచి ఎం.సి.సి. జట్టు మన దేశానికి వచ్చింది. డిసెంబరు 1న బొంబాయి జింఖానా మైదానంలో ఆ జట్టు మీద నాయుడు గారు రెండు గంటలైనా నిండకుండా 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు. తెల్లదొరల బౌలింగును మనవాడు ఊచకోత కోయడం కళ్లారా చూసిన జనం ఆనందానికి పట్టపగ్గాలు లేవు. భారతీయులు ఇంగ్లండుతో సమానంగా ఆడగలరన్న నమ్మకం ఆ పర్యటనతో బలపడింది. 1928లో భారత క్రికెట్ బోర్డు ఏర్పడటానికి ఆ నమ్మకం ఎంతో తోడ్పడింది.

1932లో మన దేశపు జట్టు తొలి టెస్టు ఆడటానికి ఇంగ్లండు వెళ్లింది. నాయకుడు పోరుబందరు మహారాజా, ఉపనాయకుడు లింబ్డీ రాజకుటుంబీకుడు. నాయకత్వం రాజవంశానికే దక్కాలన్నది ఆనాటి ఆచారం. అయితే జూన్ 25న లార్డ్స్‌లో టెస్టు మొదలయ్యేసరికి వారిద్దరూ ఆడలేదు. కిరీటం లేని నాయుడు గారు భారతదేశపు మొట్టమొదటి టెస్టు నాయకుడయ్యారు. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినా, తొలి ఇన్నింగ్సులో 40 పరుగులు చేశారు. మన జట్టులో అదే ఎక్కువ. ఆట 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. కాని ఆ ఏటి ఆటను చూసి విజ్డెన్ అనే ప్రఖ్యాత వార్షిక గ్రంథం 1933లో ఎంపిక చేసిన అయిదుగురు ఉత్తమ ఆటగాళ్లలో నాయుడు గారిని చేర్చింది. 1933-34లో స్వదేశంలో జరిగిన మూడు టెస్టులకూ ఆయనే నాయకత్వం వహించారు.

ఆ తరువాతి ఘట్టంలో మన పక్క జిల్లా విజయనగరం ప్రస్తావన వస్తుంది. విజయనగరం మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు గారిని క్రికెట్ లోకం విజ్జీ అని పిలిచేది. ఆట మీద ఆయనకున్న మక్కువ తక్కువది కాదు. 1930లో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి ఇంగ్లండు దిగ్గజాలను పిలిపించి తన జట్టులో ఆడించిన ఘనత ఆయనది. అయితే 1936లో ఇంగ్లండు వెళ్లిన జట్టుకు నాయకుడిగా ఆయనే ఎన్నికయ్యారు. ఆ ఎన్నికకు బలమిచ్చినవి ధనం, పలుకుబడి. మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసినవి 33 పరుగులు. జట్టు ముఠాలుగా చీలిపోయింది. లాలా అమర్‌నాథ్ వంటి ఆటగాణ్ణి తొలి టెస్టుకు ముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు.

నలభై ఏళ్ల నాయుడు గారు మాజీ నాయకుడిగా ఆ జట్టులో మామూలు ఆటగాడై ఆడారు. ఆయన అలిగి తప్పుకోలేదు. ఓవల్‌లో జరిగిన చివరి టెస్టులో ఇంగ్లండు నాయకుడు గబ్బీ ఆలెన్ వేసిన బంతి బలంగా ఒంటికి తగిలింది. ఆ నొప్పితోనే నిలబడి 81 పరుగులు చేశారు. అదే ఆయన ఆఖరి టెస్టు. మొత్తం ఆడినవి 7 టెస్టులే, చేసినవి 350 పరుగులే. ఆ అంకెలను మాత్రమే చూసే నేటి పిల్లలకు ఆయన గొప్పతనం అంతుపట్టకపోవచ్చు.

ఆ గొప్పతనంలో ఒక పాలు ఇందోర్‌లో కనిపిస్తుంది. తనను వెతికి తెచ్చుకున్న చోట, తానే వెతికేవాడయ్యాడు ఆయన. ఆ ఊరి కుర్రవాడు ముష్తాక్ అలీలోని ప్రతిభను చిన్నతనంలోనే గుర్తించి చేరదీశారు. ఆ ముష్తాక్ అలీయే 1936లో మాంచెస్టర్‌లో శతకం చేసి, విదేశీ గడ్డ మీద భారత జట్టుకు తొలి టెస్టు శతకం అందించాడు. మతాల వారీగా జట్లు కట్టే కాలంలో నాయుడు గారి హోల్కర్ జట్టులో తెలుగువాడు, మరాఠీవాడు, ముస్లిము ఒకే తాటి మీద నడిచారు. యుద్ధకాలంలో సైనికుడిగా మన దేశానికి వచ్చిన ఇంగ్లండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ కూడా 1944-45 రంజీ ఫైనల్లో ఆ జట్టుకే ఆడి 249 పరుగులతో అజేయంగా నిలిచాడు. ఆ ఏడు బొంబాయి చేతిలో ఓడినా, మరుసటి ఏడు హోల్కర్ జట్టు రంజీ ట్రోఫీ గెలిచింది. 50 ఏళ్ల నాయకుడు ఆ సంవత్సరం బరోడా మీద 200 పరుగులు చేశారు. తరువాత 1947-48లో, 1950-51లో, 1952-53లో కూడా ఆ ట్రోఫీ ఇందోర్ చేరింది.

ఆయన మెత్తని మనిషి కాదు. క్రమశిక్షణ విషయంలో కఠినుడు, ఎవరితోనూ చనువుగా మెలిగేవారు కాదు. అందువల్ల ఆయనంటే గిట్టనివారూ ఉండేవారు. కాని ఇతరుల నుంచి కోరిన కష్టాన్ని ముందు తాను పడేవారు. 56 ఏళ్ల వయసులో బొంబాయి మీద ఆడుతుండగా దత్తు ఫడ్కర్ వేసిన బంతి తగిలి రెండు పళ్లు ఊడిపోతే, మైదానం విడవకుండా ఆట కొనసాగించారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాదే ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో అడుగుపెట్టింది. ఆ పసి జట్టును నడిపించడానికి 58 ఏళ్ల నాయుడు గారు ముందుకు వచ్చారు. 1956లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్‌తో సత్కరించింది.

ఇక నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి చెబుతాను. 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టుకు నాయకుడు కావలసివచ్చింది. అప్పుడు నాయుడు గారిని పిలిచి ఒప్పించినది మరెవరో కాదు, ఇరవై ఏళ్ల కిందట ఆయన నాయకత్వాన్ని అందుకున్న విజ్జీయే. నాయుడు గారికి అప్పటికి 61 ఏళ్లు. పాత లెక్కలు తీసి కాదనడానికి ఆయనకు కావలసినంత కారణం ఉంది. అయినా వెళ్లారు, ఆడారు. పిలిచినవాడు ఎవరన్నది ఆయన చూడలేదు. వయసు మీరిన తన చేతిలో ఇంకా మిగిలి ఉన్న విద్య ఆ కుర్రాళ్లకు పనికివస్తుందా అన్నదే చూశారని నాకనిపిస్తుంది.

68వ ఏట నాగపూర్‌లో ఆఖరిసారి పెద్ద ఆట ఆడి, 1967 నవంబరు 14న ఇందోర్‌లో ఆయన కన్నుమూశారు. భారత క్రికెట్ బోర్డు 1994 నుంచి ఆయన పేరిట జీవన సాఫల్య పురస్కారం ఇస్తున్నది.

ప్రియ పాఠకులారా, ఇద్దరు ప్రభువుల కథ కూడా ఇందులో ఉంది. ఒకరు ప్రతిభకు చోటు కల్పించారు. మరొకరు ప్రతిభావంతుడి చోటును తాము తీసుకుని, చివరికి అతని దగ్గరకే వచ్చారు. మీ పిల్లవాడిలో ఒక తలాంతు ఉంటే, అది ఆటే కానివ్వండి, చదువే కానివ్వండి, పాటే కానివ్వండి, ఏదో ఒకనాడు ఎవరో వెతుక్కుంటూ వస్తారు. ఎంత ఇస్తారని అడగండి, తప్పు లేదు. దానితోపాటు మరో రెండు ప్రశ్నలు కూడా అడగండి. అక్కడ వీడికి ఎదిగే చోటు ఉందా? వీడు ఎదిగాక, వెనక వచ్చే మరో పిల్లవాడికి ఆ చోట వీడు చెయ్యి అందించగలడా? మొదటి ప్రశ్నకు జవాబు పిలిచినవారి దగ్గర దొరుకుతుంది. రెండో దానికి జవాబు మాత్రం ఇప్పటినుంచే, మీ ఇంట్లోనే తయారు కావాలి.